పల్సానాలో పట్టుబడిన జీవి

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది వేసవిలో మా పత్రిక నన్ను సూరత్‌కు ప్రత్యేక ప్రతినిధిగా వేసింది. స్టాఫ్ రిపోర్టర్‌కు ఇది పై మెట్టు. రోజువారీ నేరవార్తల బాధ్యత ఉండదు. మగ్గాల మీద బతికే తెలంగాణ కుటుంబాల గురించి రాయడం నా పని. అయినా ఆ శ్రావణంలో ఒక నేరవార్త నా దగ్గరికే వచ్చింది.

సూరత్ పక్కనున్న పల్సానాలో రాజమల్లు అనే సిరిసిల్ల వైపు కార్మికుణ్ణి అటవీశాఖ అరెస్టు చేసింది. రెండు తలల పామును క్షుద్రపూజలకు అమ్మబోతున్నాడని అభియోగం. మొద్దుతోక తలలా కనిపించే ఆ పాముకు మన దేశంలో దొంగ వ్యాపారం పెద్దది. చట్టం దాన్ని రక్షిత జాబితాలో పెట్టింది, దొరికితే ఏళ్ల తరబడి జైలు.

రాజమల్లు భార్య కనకవ్వ గదిలో కూర్చుని జరిగింది చెప్పింది. మగ్గాల షెడ్డు వెనక మురుగు కాలువ తవ్వుతుంటే చూపుడువేలంత లావున్న పాములాంటి జీవి బయటపడింది. మర్నాడు నాగుల పంచమి. పుట్ట కోసం ఊరవతలకు పోవాల్సిన పని లేకుండా దేవతే వచ్చిందనుకుని, తడిమట్టి పోసిన టబ్బులో ఉంచారు. పండగ పొద్దున పాలు పోశారు, తల మీద పసుపు, కుంకుమ పెట్టారు. సాయంత్రం వదిలేద్దామనుకున్నారు. ఈలోగా పక్కగదివాళ్లు తీసిన వీడియో ఫోన్లలో తిరిగింది, అటవీశాఖ జీపు వచ్చింది. కుంకుమ చూడగానే సిబ్బందికి క్షుద్రపూజ గుర్తుకొచ్చింది.

“దేవుణ్ణి టబ్బులో పెట్టి బేరం చేస్తున్నవా అని నవ్విన్రు సారు. అమ్మేటోన్ని అయితే బొట్టెందుకు పెడ్తనని మా ఆయన అడిగిండు. జర ఇనున్రి అంటే ఎవ్వలు ఇనలే,” అంది కనకవ్వ. తర్వాత మెల్లగా, “అది ఉత్త పురుగు గాదు సారు. కుంకుమ పెడుతుంటే నా దిక్కు సూసి రెప్ప ఏసింది. నా కండ్లతోని సూసిన,” అంది.

పాముకు రెప్పలుండవు. ఆ సంగతి నాకు తెలుసు గానీ దాని విలువ తెలియదు. నగరంలో జంతుశాస్త్రం బోధించే ఒక అధ్యాపకురాలికి ఈ మాట చెప్పాను. ఆమె రాస్తున్న కలం కింద పెట్టింది.

కాళ్లు లేని బల్లి అనేది ఒకే కుటుంబం కాదని ఆమె వివరించింది. మట్టిలో దూరి బతకడానికి అలవాటుపడి వేర్వేరు బల్లి కుటుంబాలు విడివిడిగా కాళ్లు పోగొట్టుకున్నాయి. అందువల్ల కాళ్లు లేకపోవడం ఒక్కటే ఏ వర్గమో చెప్పదు. రెప్ప, చెవి రంధ్రం, పొలుసుల అమరిక చూడాలి. కొన్ని రకాలకు కన్ను మీద చర్మమే కప్పేసి ఉంటుంది, చెవి కూడా కనిపించదు. అప్పుడు పుర్రె ఎముకలూ జన్యువులూ చూసి తేల్చాలి. మన దేశంలో ఇలాంటివి తూర్పు తీరంలో ఉన్నాయి. ఈ ప్రాంతంలో ఉన్నట్టు ఆమెకు తెలియదు. “రెప్ప వేసిన మాట నిజమైతే అది పాము కాదు. కానీ నేను చూడాలి,” అంది. పాము కాదని తేలితే అభియోగం నిలవదని రాజమల్లు లాయరు అన్నాడు.

చూడటానికి అటవీశాఖ దగ్గర ఆ జీవే లేదు. స్వాధీనం చేసుకున్న వన్యప్రాణిని ఫొటోలు తీసి, మేజిస్ట్రేటు అనుమతితో అడవిలో వదలడం పద్ధతి. మూడో రోజే వదిలేశారు. పద్ధతిలో తప్పు లేదు, ప్రాణికి అదే మేలు. కేసు నడిపే రేంజ్ ఆఫీసరు, పోలీసుల్లో ఇన్‌స్పెక్టరంతటివాడు, మాకు ఫొటోలు చూపించాడు. అన్నీ పైనుంచి తీసినవే. తల నిండా తడిసిన కుంకుమ గట్టిపడి ఉంది. కన్ను ఉండాల్సిన చోట ఎర్రటి ముద్ద తప్ప మరేమీ లేదు. అధ్యాపకురాలు తెర మీద ఫొటోను పెద్దది చేసి, చిన్నది చేసి, చివరకు తల అడ్డంగా ఊపింది.

“రెప్ప సంగతి కోర్టుకు రాయగలరా?” అని అడిగాను.

“నిందితుడి భార్య చెప్పింది, నేను నమ్ముతున్నాను అని రాయాలా? నిర్ధారించలేనని మాత్రమే రాయగలను.” అలాగే రాసింది. ప్రాసిక్యూషన్‌కు అదే చాలింది.

బెయిల్ వచ్చింది. అయితే స్థానికంగా ఆస్తి ఉన్నవాళ్లు జామీను ఉండాలన్నారు. అద్దె గదుల్లో ఉండే మగ్గాలవాళ్లలో అలాంటివాళ్లు లేరు. షెడ్డు యజమాని తన పేరు ఇందులోకి లాగొద్దన్నాడు. రాజమల్లుకు అంతకుముందే నూలు ధూళితో ఊపిరితిత్తులు పాడయ్యాయి. జైల్లో ములాఖత్‌కు వెళ్తే ఇనుప జాలీ అవతల నిలబడి దగ్గేవాడు. “అది పామా, బల్లా సారు?” అని నన్ను అడిగాడు. తెలియదన్నాను. “గంత సదువుకున్నోళ్లకే తెల్వదంటే నన్నెందుకు పెట్టిన్రు లోపట?” అన్నాడు. విచారణ మొదలు కాకముందే ప్రభుత్వాసుపత్రిలో చనిపోయాడు. నిందితుడి మరణంతో కేసు మూసేశారు.

కనకవ్వ ఇప్పటికీ కుంకుమ పెట్టడం వల్లే దేవత అలిగిందనుకుంటోంది.

వర్గీకరణ పుస్తకాల పని అని అంతకుముందు నా అభిప్రాయం. ఈ కేసు తర్వాత, ఉద్యోగం ముగిసేదాకా, పట్టుబడిన జంతువుకు పరీక్ష జరగకుండా వార్తలో పేరు పెట్టనివ్వలేదు. “అటవీశాఖ పాము అంటున్న జీవి” అని రాయించేవాణ్ణి. వాక్యం పొడుగవుతోందని డెస్కు విసుక్కునేది. పేరు పెట్టడం తేలిక. పెట్టిన పేరును తీసేయడానికి ప్రాణి చేతిలో ఉండాలి, మనిషి బతికి ఉండాలి.