వరస చివర పసుపు గొడుగు

కండక్టరమ్మ అంటే ఆ పేటలో తెలియనివాళ్ళు లేరు. సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టికొట్టి రిటైరైంది. ఊరికే కూర్చోవడం ఆమె జాతకంలో లేదు గనక, తమ్ముడి పనిలో దూరిపోయింది. తమ్ముడు నగరాన్ని నడిపించి చూపించే గైడు. కొత్త పట్నంలో అద్దాల మేడల దగ్గర మొదలుపెట్టి, వంతెన దాటించి, పాత పట్నం సందుల్లోకి తీసుకెళతాడు. అతను ముందు, అక్క వెనక. ఫొటోల కోసం ఆగిపోయేవాళ్ళనీ, చెప్పుల దుకాణం ముందు కరిగిపోయేవాళ్ళనీ మళ్ళేసుకొచ్చి వరసలో కలపడం ఆమె పని. గుర్తుకి చేతిలో పసుపు గొడుగు.

"నేను తల, మా అక్క తోక" అని పరిచయం చేసేవాడు తమ్ముడు.

"తోక పట్టుకోకపోతే ఈ తల ఎటు పోతుందో దేవుడికే తెలియాలి" అనేది ఆమె.

ఒక్కటే లోటు. సర్వీసంతా మొహాలు చూసిన మనిషికి ఇప్పుడు వీపులే మిగిలాయి. జడలు, బట్టతలలు, వీపు సంచులు. తమ్ముడి గొంతు గలగల తప్ప, కబుర్లు ఒక్క ముక్క కూడా అంత దూరం తెలియవు. కానీ ఇనుప సామాను సందు చివర, మలుపు దగ్గర, వచ్చిన ప్రతిసారీ ఒక వింత జరిగేది. గలగలా వాగే తమ్ముడి గొంతు టక్కున ఆగిపోయేది. కాసేపటికి మలుపు అవతల నుంచి గుంపంతా ఒక్క ఊపిరిగా "అబ్బ" అనేది. ఈమె చివరివాళ్ళని తోలుకుని అక్కడికి చేరేసరికి అందరూ ఫోన్లలో మునిగి ఉండేవాళ్ళు.

ఏముందో చూద్దామని ఒక సెలవునాడు ఒంటరిగా వెళ్ళింది. రాతి గడియార స్తంభం, ఏటి అవతల అద్దాల మేడ, ఆ అద్దాల్లో మళ్ళీ అదే స్తంభం. డ్యూటీలో రోజూ కిటికీలోంచి చూసినవే. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు కదా. అంతమంది ఊపిరి బిగబట్టే చోట ఆమెకి ఆవలింత వచ్చింది. నా గుండె బస్సు టైరులా అరిగిపోయిందా అని ఆ రోజంతా దిగులు పడింది.

ఇంతలో తమ్ముడి గొంతుకి ఆపరేషను అయింది. గుసగుస కూడా పనికిరాదన్నాడు డాక్టరు. ఆదివారం నడక ఆగినా, జనం పెదవి విరిచినా దాన్ని వేరేవాళ్ళకి అప్పజెబుతామని టూరు ఆఫీసువాళ్ళు కబురు పెట్టారు. తమ్ముడి ఇంటికి కూడూ గుడ్డా ఆ నడకే. ఆదివారం పొద్దున్నే అతను పసుపు గొడుగు లాక్కుని, అక్క భుజాలు పట్టి వరస ముందుకి నెట్టాడు.

"ఒరేయ్, నాకు చరిత్ర ఏం తెలుసురా?"

తమ్ముడు రెండు చేతులూ జోడించాడు. ఇంకేమంటుంది, నడిచింది.

అద్దాల మేడల దగ్గర నోరు తెరిస్తే సర్వీసంతా బయటికొచ్చింది. "బ్యాంకుల సెంటర్, బ్యాంకుల సెంటర్. దిగేవాళ్ళు ముందుకి రండి." గుంపు పగలబడి నవ్వింది. వంతెన మీద ఒక పెద్దాయన, "ఇది ఎప్పుడు కట్టారమ్మా?" అని అడిగాడు.

"నేను డ్యూటీలో చేరకముందేనండి."

మళ్ళీ నవ్వారు గానీ ఈసారి అంత గట్టిగా కాదు. వెనక్కి పోదామా అని ఒక జంట అనుకోవడం ఆమె చెవిన పడింది. తన పరువు పోతే పోయింది, తమ్ముడి పని కూడా పోతుందే అని చెమటలు పట్టాయి.

ఇనుప సామాను సందులోకి వచ్చారు. సుత్తి దెబ్బలు, తుప్పు వాసన, తలల మీద ఆరేసిన బట్టలు, వాటి మధ్య పేలికంత ఆకాశం. ఇక్కడ ఆమెకి తెలిసింది ఒక్కటే, తమ్ముడు ఇక్కడ మాట్లాడడు. ఆమె కూడా నోరు మూసుకుంది. బస్సులో అలవాటు కొద్దీ జనం వైపు తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ మలుపు దాటింది.

వాళ్ళూ మలుపు తిరిగారు. తలలు ఒక్కొక్కటే పైకి లేచాయి. పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. వెనక్కి పోదామన్న జంట చూపు తిప్పకుండానే ఒకరి చెయ్యి ఒకరు వెతుక్కున్నారు. అందరూ పసిపిల్లలైపోయారు. "అబ్బ" అంది గుంపు. కండక్టరమ్మకి ఒళ్ళు ఝల్లుమంది. తన వీపు వెనక ఉన్నది ఎంత గొప్పదో ఆ మొహాల్లో చూసింది. కళ్ళు నిండిపోయాయి. గుండె అరగలేదు, ఇన్నాళ్ళూ మొహాలు కనపడక బెంగపెట్టుకుంది.

"ఇక్కడ ఇంకాసేపు ఉండొచ్చా అండీ?" అని అడిగింది ఆ జంటలోని అమ్మాయి. "మీరూ అటు తిరిగి చూడండమ్మా."

"చూస్తూనే ఉన్నానమ్మా."

అందరికన్నా చివర పసుపు గొడుగు మలుపు తిరిగింది. ఏళ్ళ తరబడి తమ్ముడు కూడా జనం మొహాలు చూస్తూ, వెనక్కి నడుస్తూనే ఈ మలుపు దాటాడు. ఎదురుగా నడిచి రావడం ఇదే మొదలు. మాటలు లేని మనిషికి ఇవాళ కళ్ళే మిగిలాయి. తల ఎత్తాడు. గొడుగు చేతిలోంచి జారింది. గుసగుస కూడా కూడదన్న గొంతులోంచి "అబ్బ" అని వచ్చేసింది.

"నోరు ముయ్యరా వెధవా" అంది అక్క, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "మాట్లాడకు. చూడు."