బొండం చుట్టూ భూమి

ఆ రోజుల్లో మా రాజోలు వైపు అమలాపురం బస్సు ఎప్పుడొస్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పగలిగేవారు కాదు గానీ, సృష్టి ఎలా మొదలైందో మాత్రం ప్రతివాళ్ళూ చెప్పేసేవారు. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానితో కలిసేది కాదు. అయినా ఎవరూ కొట్టుకునేవారు కాదు. "ఆయ్, మీరన్నదీ నిజమేనండి" అనుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయేవారు. అంత మర్యాద ఉన్నచోట ఎవరికీ అన్యాయం జరగదని మీరనుకుంటారు. నాకు జరిగింది. ఏడో తరగతి చదువుతుండగా నన్ను ఏకంగా విశ్వంలోంచి తీసేశారు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మండుతూనే చెబుతున్నాను, వినండి.

మాది చిన్న ప్రైవేటు స్కూలు. ఆ ఏడాది కొత్తగా చేరిన సైన్సు మేడం, వార్షికోత్సవానికి ఎప్పుడూ వేసే కోలాటం కాకుండా సౌరకుటుంబం నాటిక వేయిద్దామన్నారు. సూర్యుడొకడు, గ్రహాలు ఎనిమిది, వెరసి తొమ్మిదిమంది పిల్లలం. ఒక్కొక్కరూ వచ్చి "నేను ఫలానా" అని చెప్పి సూర్యుడి చుట్టూ తిరగాలి. సూర్యుడి వేషం మా క్లాసులో అందరం బొండం అని పిలిచేవాడికిచ్చారు (వాడు గుండ్రంగా ఉంటాడు, పైగా ఏటా వార్షికోత్సవానికి షామియానా వేయించేది వాళ్ళ నాన్నగారే). భూమి వేషం నాకిచ్చారు. నీలం గౌను కుట్టించుకుని, దాని మీద ఆకుపచ్చ గుడ్డతో ఖండాలు అతికించుకున్నాను. ఆఫ్రికా సరిగ్గా బొజ్జ మీదికి వచ్చింది. ఆ వారమంతా నేను మనుషులతో సరిగా మాట్లాడలేదు. భూమిని కదా, అందరూ నా మీదే ఉన్నారు, ఎవరితోనని మాట్లాడతాను?

మొదటి దెబ్బ ఇంట్లోనే తగిలింది. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, చర్చిలో ఆదివారం బళ్ళో పిల్లలకి ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. నేను వరండాలో కుర్చీని సూర్యుడనుకుని చుట్టూ తిరుగుతుంటే బియ్యం ఏరడం ఆపి చూసింది.

"ఏవే, ఆ కుర్చీ చుట్టూ ఎందుకే తిరుగుతున్నావు?"

"అది సూర్యుడు మామ్మా. నేను భూమిని."

"వాక్యం ప్రకారం భూమి ముందు. సూర్యుణ్ణి దేవుడు నాలుగో రోజున చేసేడు. తరవాతొచ్చినోడి చుట్టూ ముందున్నదానివి నువ్వు తిరగడమేంటే, సిగ్గులేకుండా!"

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు నచ్చింది. మర్నాడు రిహార్సల్లో నేనే ముందు స్టేజీ ఎక్కుతానని పేచీ పెట్టాను. సైన్సు మేడం ఓపిగ్గా నవ్వి, చాక్‌పీసుతో నేల మీద గుండ్రాలు గీసి, మూడో గుండ్రం మీద నన్ను నిలబెట్టారు. "నీ మీద నీళ్ళున్నాయమ్మా, చెట్లున్నాయి, మనుషులున్నారు. ఇక్కడ నిలబడి తిరుగుతున్నావు కాబట్టే అవన్నీ ఉన్నాయి. సూర్యుడి దగ్గరకెళ్తే మాడిపోతావు, దూరమైతే గడ్డకట్టుకుపోతావు" అన్నారు. నేను మాడిపోయినట్టూ గడ్డకట్టుకుపోయినట్టూ ఊహించుకుని, బుద్ధిగా తిరగడం మొదలుపెట్టాను.

అసలు ఘోరం అప్పుడు జరిగింది. కొడుకుని చూసుకోవడానికి వచ్చిన షామియానా గారు (బొండం వాళ్ళ నాన్నగారిని మేమలాగే పిలిచేవాళ్ళం, చాటుగా) మమ్మల్ని వేలితో లెక్కపెట్టారు. తొమ్మిదిమంది. ముఖం వికసించింది.

"నవగ్రహాలన్నమాట! చాలా బాగుందండి. మరి రాహుకేతువులేరండీ?"

"ఇందులో వాళ్ళుండరండి. ఇది సౌరకుటుంబం" అన్నారు మేడం.

"చంద్రుడో?"

"చంద్రుడు గ్రహం కాదండి."

"ఈ నీలం గౌను పాప ఎవరండీ?"

"భూమండి."

ఆయన ఎంతో మర్యాదగా ఆశ్చర్యపోయారు. "భూమి గ్రహమేంటండీ? గ్రహాలు పైనుంటాయి గానీ!" అని పక్కనే ఉన్న హెడ్మాస్టరు గారి వైపు తిరిగారు. మా హెడ్మాస్టరు గారు జీవితంలో ఎవరి మాటా కాదనని మనిషి. "ఆయ్, మీరన్నదీ నిజమేనండి" అన్నారు. అంతే! మర్నాటికి యురేనస్ రాహువైపోయాడు, నెప్ట్యూన్ కేతువైపోయాడు. నన్ను చంద్రుడు వేషం వేసుకోమన్నారు. చూశారా ఎంత అవమానమో! నా చుట్టూ తిరిగేవాడి వేషం నన్నే వెయ్యమన్నారు! వెయ్యనన్నాను. అయితే కూర్చోమన్నారు. నేను ఆఫ్రికాని పొట్టకి పట్టుకుని ఇంటిదాకా ఏడుస్తూ నడిచాను.

భూమి సూర్యుడి చుట్టూ తిరగడం ఒప్పుకోని మా మామ్మ, భూమిని తీసేశారంటే అసలు ఒప్పుకోలేదు. చెప్పులేసుకుని స్కూలుకొచ్చింది. హెడ్మాస్టరు గారి గదిలో షామియానా గారు కూడా ఉన్నారు.

"మాకు జాతకాలు లేవు గానండీ, మీకున్నాయి కదా. మీ గ్రహాలు పట్టేది ఎవర్నండీ? భూమ్మీదోళ్ళనేగా? భూమే లేకపోతే ఆ తొమ్మిదిమందీ కలిసి ఎవర్ని పడతారండీ?" అంది.

"అదీ నిజమేనండోయ్!" అన్నారు షామియానా గారు. హెడ్మాస్టరు గారు ఆనందంగా "ఆయ్" అన్నారు. ఐదు నిమిషాల్లో రాజీ కుదిరింది. భూమి మధ్యలో నిలబడుతుంది, నవగ్రహాలూ దాని చుట్టూ తిరుగుతాయి. ఆరో తరగతి పిల్లనొకదాన్ని చంద్రుడికి పట్టుకొచ్చారు. ఆయన గ్రహాలు ఆయనకొచ్చాయి, మామ్మ భూమి మామ్మకి దక్కింది. సైన్సు మేడం మాటేమిటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. మధ్యలో నిలబడబోయే దాన్ని, నాకెందుకు? ఆవిడే నా గౌనుకి ఊడిపోతున్న ఆస్ట్రేలియాని పిన్నుతో గుచ్చుతూ, "పోనీలేమ్మా, నిజం నీకు తెలుసుగా" అన్నారు. ఆ మాట పిన్నులా గుచ్చుకుంది.

వార్షికోత్సవం రోజు సాయంత్రం తెర లేచింది. నేను మధ్యలో నిలబడి, "నేను భూమిని. రండి, నా చుట్టూ తిరగండి!" అనాలి. "నేను భూమిని" అన్నాను. పక్కన తెర చాటున మేడం కనిపించారు, మేము వదిలేసిన నాటిక కాగితాలు చేతిలో మడిచి పట్టుకుని. నాకు ఎక్కడ్లేని కోపం వచ్చింది. షామియానా మీద, హెడ్మాస్టరు మీద, మామ్మ మీద, అందరికన్నా ఎక్కువ నా మీద. "నేను సూర్యుడి చుట్టూ తిరుగుతాను!" అని అరిచి, బొండం వెంట పడ్డాను. (సత్యం కోసమే కదిలానని చెప్పుకోవాలని ఉంది. మధ్యలో కదలకుండా నిలబడ్డవాళ్ళ మీద లైటు పడట్లేదన్న సంగతి కూడా అప్పుడే గమనించాను. రెండూ నిజమే.)

"ఏయ్, నువ్వు కదలకూడదు!" అన్నాడు బొండం పరిగెడుతూ.

"నువ్వే కదలకూడదురా! సూర్యుడివి!"

"మా నాన్నగారు తిరగమన్నారే!"

వాడు నా చుట్టూ, నేను వాడి చుట్టూ. మధ్యలో రాహువొచ్చి కేతువుని గుద్దుకున్నాడు, శని గురుడి మీద పడ్డాడు, సూర్యుడి అట్టకిరీటం దొర్లిపోయింది, చంద్రుడు "అమ్మా" అని ఏడుపు లంకించుకున్నాడు. తెర దించేశారు. జనం మాత్రం చప్పట్లు ఆపలేదు. "గ్రహణం భలే చూపించేరండి!" అని షామియానా గారు మైకులో మెచ్చుకున్నారు. మేడం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. సోమవారం నన్ను గంటసేపు ఎండలో నిలబెట్టారు. నిజం చెప్పినందుకు!

ఆ మర్నాడు పొద్దున్నే మామ్మ టీ గ్లాసు పట్టుకుని నా పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాను.

"నిజంగానే తిరుగుతున్నామంటావా?"

"ఆయ్."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడు కూడా. చాలా జోరుగా."

మామ్మ గ్లాసులోకి చాలాసేపు చూసింది. "అంత జోరులోనూ టీ ఒలకట్లేదు చూసేవా. ఎంత జాగ్రత్తగా తిప్పుతున్నాడే తండ్రి!" అంది.

నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఎండలో నిలబడి నేను సంపాదించుకున్న సైన్సుని పట్టుకెళ్ళి దేవుడికిచ్చేసింది! స్కూలుకి వేళయ్యేదాకా వాదించాను. ఆవిడ "ఊఁ, ఊఁ" అంటూ టీ తాగింది తప్ప ఒక్క మెట్టూ దిగలేదు. ఇప్పుడు మామ్మ లేదు. టీ ఎందుకు ఒలకదో నాకు ఇప్పుడు లెక్కలతో సహా తెలుసు. అయినా ఆ పొద్దుటి పూట మళ్ళీ దొరికితే ఆ లెక్కలేవీ చెప్పను. కాస్త దగ్గరగా జరిగి కూర్చుంటాను, అంతే.