ఎస్కీలో ఇడ్లీ అంకుల్

బాలమురళి జేబులో పర్సు లేకపోయినా థర్మామీటరు మాత్రం ఉంటుంది. నోట్లో పెట్టేది కాదు, నుదుటి ముందు పట్టుకుని మీట నొక్కితే అంకె చూపించేది. కూతురు తేజు పుట్టిన వారంలో కొన్నాడు. ఇప్పుడా పిల్లకి నాలుగేళ్లు. ఈలోగా పిల్ల నుదురు, భార్య కౌసల్య నుదురు, పాలగ్లాసు, స్నానం నీళ్లు, ఒకసారి కుళాయి బాగుచెయ్యడానికి వచ్చి తుమ్మిన ప్లంబరు నుదురు, అన్నీ దాంతో కొలిచాడు. తెనాలిలో కెమిస్ట్రీ చదివి, మెల్‌బోర్న్ క్లేటన్‌లో పీహెచ్‌డీ చేసి, కాన్‌బెర్రాలో తాగునీళ్లు పరీక్షించే లాబ్‌లో పనిచేస్తున్నవాడు. కొలవనిదే ఏదీ నమ్మడు. కొలిచాక కూడా భయపడతాడు.

ఆ భయాల్లో పెద్దది చలి. గంగాలిన్‌లో వాళ్ల వీధి పిల్లలు అక్కడి నడి చలికాలమైన జూలై నెలలో నిక్కర్లేసుకుని సైకిళ్లు తొక్కుతుంటే, తేజు మంకీ క్యాపు, దాని మీద హుడ్, రెండు స్వెట్టర్లతో చుట్టి నిలబెట్టిన చాపలా గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటుంది.

అలాంటివాడు మంచుకొండల మీదికి స్కీయింగుకి బయలుదేరాడంటే అది శ్రీకర్ చలవే. శ్రీకర్‌ది వరంగల్. క్లేటన్‌లో చదువుకునే రోజుల్లో ఇద్దరిదీ ఒకే గది, ఒకే రైస్ కుక్కరు. "ఇన్నేండ్లు ఆస్ట్రేలియాల ఉండి మంచు ముట్టకపోతే ఎట్లరా? తేజు గూడ అడుగుతుంది. అందరం పోదాం," అని పెరిషర్ మంచుకొండ మీద స్కీయింగు క్లాసు కూడా బుక్ చేసేశాడు.

ముందురోజు సాయంత్రం తేజు నుదురు ముప్ఫైఏడున్నర డిగ్రీలు, అంటే కాస్త జ్వరం, చూపించింది. "రేపు తేజు రాదు," అని బాలమురళి తీర్పు చెప్పాడు. అప్పటికే కొత్త బూట్లు వేసుకుని సోఫాలో కూర్చున్న తేజు కింది పెదవి ముందుకొచ్చింది.

"బట్ యూ ప్రామిస్డ్ స్నో, నాన్నా!"

"నేనూ ఆగిపోతానమ్మా."

"మీరు ఇంట్లో ఉంటే కొలిచి కొలిచి దాని నుదురు అరగ్గొడతారు. నేనుంటాగా, మీరు వెళ్లి రండి," అంది కౌసల్య.

చివరికి ఒప్పందం కుదిరింది. తేజు మంచు దగ్గరికి వెళ్లకూడదు కాబట్టి మంచే తేజు దగ్గరికి వస్తుంది. ఒక స్నోమ్యాన్. తెల్లగా, గుండ్రంగా, మెత్తగా ఉంటాడని నాన్న వర్ణిస్తుంటే తేజుకి తెలిసిన వస్తువే గుర్తొచ్చింది. ఇంటికొచ్చే మగవాళ్లందరూ అంకులే కదా, అందుకని అతనికి ఇడ్లీ అంకుల్ అని పేరు పెట్టింది.

"బిఫోర్ బెడ్‌టైమ్?"

"నువ్వు పడుకునేలోపే. ఒట్టు."

పెరిషర్‌లో కారు పెట్టాక, శ్రీకర్ బూట్లు బిగించుకునేలోగా బాలమురళి బానెట్ ఎత్తి, ఇంజనుకి చలి తగలకుండా ఏదో ఏర్పాటు చేసి వచ్చాడు. ఆ తర్వాత క్లాసు. ఆగాలంటే స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి పిజ్జా ముక్కలా పెట్టాలని టీచరమ్మ చెప్పింది. శ్రీకర్ ఆ ముక్క వినలేదు. జారిపోతున్నవాడి వెనకనుంచి ఆమె "పిజ్జా! పిజ్జా!" అని అరుస్తుంటే, అప్పుడే లంచ్ టైమైందా అని వెనక్కి తిరిగి చూసి, అలాగే కంచెలోకి దూరిపోయాడు. బాలమురళికి ఆ ప్రమాదం లేదు. అతను కదిలితేగా! మూడేళ్ల బుడతలు "ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ అతని పక్కనుంచి దూసుకుపోతుంటే, మంచుకీ స్కీకీ మధ్య ఘర్షణ ఎక్కువగా ఉందని టీచరమ్మకి వివరించాడు. ఆమె వంగి చూసి, "ముందు నువ్వు గట్టిగా పట్టుకున్న ఆ కంచె తాడు వదలాలి," అంది.

మధ్యాహ్నం ఇద్దరూ కలిసి ఇడ్లీ అంకుల్‌ని తయారుచేశారు. కౌసల్య కట్టిచ్చిన పులిహోరలోంచి రెండు పల్లీలు తీసి కళ్లు పెట్టారు. నంజుకోడానికి తెచ్చిన ఊరమిరపకాయ అతని ముక్కు అయింది. బార్బెక్యూలకి కూల్‌డ్రింకులు మోసే ఎస్కీ పెట్టెలో అతన్ని పడుకోబెట్టి, ఖాళీల్లో మంచు కూరి, మూత బిగించి, బాలమురళి వెనక సీట్లో పెట్టి బెల్టు కూడా వేశాడు. ఆ హడావిడిలో బానెట్ సంగతి పూర్తిగా మర్చిపోయాడు.

కొండ దిగి జిండబైన్ ఊరు దాటేవరకూ కారు బుద్ధిగానే వచ్చింది. కూమా వైపు ఎత్తు ఎక్కడం మొదలుపెట్టగానే వేడి ముల్లు పైకి లేచింది. బాలమురళి గబుక్కున హీటరు చివరిదాకా తిప్పాడు.

"ఏంరా, దిమాక్ గిట్ల ఖరాబైందా? వేడి అయితుందంటే హీటరు వెడ్తవేంది?"

"ఇంజను వేడినే కదరా హీటరు లోపలికి తెచ్చేది! మనం ఎంత లాగితే అది అంత చల్లబడుతుంది."

"అంటే దాని జరం మనం తీస్కోవాల్నా?"

కాసేపట్లో జాకెట్లు పోయాయి. ఆ తర్వాత స్వెట్టర్లు, చొక్కాలు పోయాయి. కిటికీలు దించి, ఇద్దరూ బనియన్లతో మిగిలారు. బయట చలిగాలి కోసేస్తుంటే లోపల విజయవాడ మే నెలలా ఉంది. ఉన్న నీళ్లన్నీ తాగేశారు. శ్రీకర్ ఎస్కీని ఒళ్లో పెట్టుకుని, సగం కిటికీ బయటికి ఆనించి, "అంకుల్, జర ఓపిక పట్టుండ్రి," అని సముదాయిస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే తేజు వీడియో కాల్ చేసింది. శ్రీకర్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"నాన్నా, వై ఆర్ యూ నేకెడ్?"

"నేకెడ్ కాదమ్మా, బనియన్ ఉందిగా..."

"ఈజ్ స్నో హాట్?"

వెనకనుంచి కౌసల్య తొంగిచూసింది. "ఏవండీ, స్కీయింగుకే వెళ్లారా? లేకపోతే కుస్తీ పోటీలకా?"

బాలమురళి జవాబు వెతుక్కునేలోపు బానెట్ కింది నుంచి ఆవిరి లేచింది. ఫోను పెట్టేసి, కారు రోడ్డు పక్కకి తీశాడు.

చలిగాలిలో ఇద్దరూ బనియన్లతోనే దిగారు. బాలమురళి బానెట్ మీద థర్మామీటరు పెట్టి మీట నొక్కాడు. అంకె బదులు ఇంగ్లీషులో రెండక్షరాలు వచ్చాయి.

"హాయ్ అంటుందిరా!" అన్నాడు శ్రీకర్. "పలకరిస్తుంది. నువ్వు గూడ హాయ్ చెప్పు."

"అది హై రా బాబూ. దాని కొలతకి అందనంత వేడని."

వెనక వస్తున్న కారొకటి సాయం చేద్దామని నెమ్మదించింది. అంత చలిలో బనియన్లతో నిలబడి కారుకి జ్వరం చూస్తున్న ఇద్దరిని చూసి, వేగం పెంచుకుని వెళ్లిపోయింది.

చొక్కాలు తగిలించుకుని, ఆవిరి తగ్గాక బానెట్ ఎత్తారు. రేడియేటరు ముందు పసుపుపచ్చటి దుప్పటి ఒకటి అంచులు మాడి వేలాడుతోంది. దాని నిండా బాతుపిల్లల బొమ్మలు. తేజు పుట్టినప్పటి దుప్పటి.

శ్రీకర్ దుప్పటినీ స్నేహితుణ్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇంజనుకు సలి పెడ్తదని కప్పినవా?"

"పార్కింగులో గడ్డకడుతుందేమోనని... తీయడం మర్చిపోయాను."

"జోల గూడ పాడినవారా?"

శ్రీకర్ నవ్వి నవ్వి రోడ్డు పక్క గడ్డిలో కూర్చుండిపోయాడు. బాలమురళికి నవ్వు రాలేదు. ఇంజనుని చల్లబరిచే కూలెంట్ డబ్బా ఎండిపోయి ఉంది. దారిలో సాయం చేసే సర్వీసుకి ఫోన్ చేస్తే, ఈరోజు కొండ మీద చాలా కార్లు ఆగిపోయాయి, మీ వంతు రాత్రికి వస్తుందన్నారు. రాత్రికంటే తేజు పడుకునే వేళ దాటిపోతుంది.

"ఫ్లాస్కుల మిరియాల చారున్నది. పోద్దామా?"

"చింతపండు యాసిడ్ రా! ఉప్పు! పోపులో ఆవగింజ పోయి ఏ గొట్టంలో ఇరుక్కుంటుందో!"

కొండ దిగేశాక చుట్టూ ఎండుగడ్డే తప్ప మంచు ఆనవాలు కూడా లేదు. ఇంకేముంది? ఇద్దరి చూపులూ ఒకేసారి ఎస్కీ మీద పడ్డాయి.

"వద్దు," అన్నాడు బాలమురళి.

శ్రీకర్ ఎస్కీని కిందికి దించాడు.

"తేజుకి ఒట్టేశాన్రా. జ్వరమని నేనే ఆపాను. ఉత్త చేతుల్తో ఎట్లా వెళ్లను?"

"అంకుల్‌ను తీస్కొని నువ్వు ఈడ్నే ఉంటవా, లేకుంటే అంకుల్ లేకుండ ఇంటికి పోతవా? ఆ పొల్లకు ఎవలు గావాలె చెప్పు."

ముందు చుట్టూ కూరిన మంచు తీశారు. గ్లాసులో చేతులతో ఒత్తి కరిగిస్తే అడుగున గుక్కెడు నీళ్లు మిగిలాయి. మంచులో ముప్పాతిక వంతు గాలే. తర్వాత పొట్ట. అదీ చాలలేదు. చివరికి శ్రీకర్ టోపీ తీసి గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. బాలమురళి ముక్కూ కళ్లూ జాగ్రత్తగా తీసి జేబులో వేసుకున్నాడు.

థర్మామీటరు హాయ్ అనడం మానేసి, ముప్ఫైఎనిమిది చూపించాక కూలెంట్ డబ్బా మూత తిప్పి, కరిగించిన ఇడ్లీ అంకుల్ తలని కొంచెం కొంచెంగా పోశాడు.

"మినరల్స్ లేని నీళ్లు," అన్నాడు మూత బిగిస్తూ. "కూలెంట్‌కి ఇంతకంటే మంచివి దొరకవు."

దుప్పటి తీసేసిన కారు కాన్‌బెర్రా దాకా ముల్లు కదపకుండా నడిచింది. దారంతా శ్రీకర్ ఉపాయాలు చెబుతూనే ఉన్నాడు. "మా ఇంటి ఫ్రీజర్ల గీకితే బొచ్చెడు మంచు ఎల్తది."

"రొయ్యల కంపు కొడుతుంది."

"మంచు వాసన ఎట్లుంటదో దానికేం ఎర్క?"

బాలమురళి ఒక్క నిమిషం నిజంగానే ఆలోచించాడు. కానీ ఇంటి ముందు మలుపు తిరిగేసరికి తేజు కిటికీ అద్దానికి ముక్కు ఆనించుకుని ఎదురుచూస్తోంది.

ఎస్కీ మూత తనే తీసింది. లోపల చారెడు నీళ్లు. కింది పెదవి ముందుకొచ్చింది. బాలమురళి మోకాళ్ల మీద కూర్చుని అరచెయ్యి చాపాడు. అందులో ఒక ఊరమిరపకాయ, రెండు పల్లీలు.

"దారిలో కారుకి జ్వరం వచ్చిందమ్మా. బాగా దాహం వేసింది. ఇడ్లీ అంకుల్ దానికి నీళ్లయిపోయాడు."

తేజు ఆలోచించింది. "హౌ మచ్ ఫీవర్?"

"హాయ్ అంత," అన్నాడు శ్రీకర్.

"దట్స్ నాట్ ఎ నంబర్, శ్రీకర్ అంకుల్." అప్పుడామె కళ్లు కారు వెనక సీట్లోని బాతుల దుప్పటి మీద పడ్డాయి. "నాన్నా! యూ పుట్ మై బ్లాంకెట్ ఆన్ ఇట్?"

"అంటే... చలేస్తుందని..."

"నో బ్లాంకెట్ వెన్ ఫీవర్! యూ సెడ్!"

శ్రీకర్ మళ్లీ మెట్ల మీద కూలబడ్డాడు. నైటీకి కొంగు లేక, నవ్వొచ్చే నోటికి దేన్ని అడ్డం పెట్టుకోవాలో తెలియక కౌసల్య లోపలికి పరుగెత్తింది. తేజు థర్మామీటరు లాక్కుని బానెట్ మీద పెట్టి చూసి, తన చైల్డ్‌కేర్ వాళ్లు ఎప్పుడూ చెప్పే రూలు అప్పజెప్పింది. జ్వరం వస్తే ట్వెంటీఫోర్ అవర్స్ ఎక్కడికీ పోకూడదు. కాబట్టి రేపు కారు ఆఫీసుకి పోదు.

మర్నాడు పొద్దున ట్రామ్‌కి బయలుదేరుతున్న బాలమురళిని తేజు చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చింది. స్వెట్టరు ఒక్కటే ఉంది, మంకీ క్యాపు లేదు. ఆ సంగతి అతను గమనించేలోపే థర్మామీటరు కారుకి పెట్టేసింది.

"ఎల్, ఓ. లో! నాన్నా, ఫీవర్ గాన్!"

తెల్లవారుజాము చలికి బానెట్ నిండా తెల్లటి పొర పేరుకుని ఉంది. తేజు వేలితో గీకింది. గోటి కింద తెల్లటి మంచుపొడి. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"నాన్నా! ఇడ్లీ అంకుల్ ఈజ్ కమింగ్ అవుట్!"

గాలిలోని తేమ చల్లటి రేకు మీద నేరుగా ఎలా గడ్డకడుతుందో బాలమురళి లాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి చాలాసార్లు వివరించాడు. ఇప్పుడూ నోరు తెరిచాడు. తెరిచి, "అవునమ్మా, మెల్లిగా గీకు, పాపం," అని, తనూ జేబులోంచి బస్సు కార్డు తీసి అద్దం మీద గీకడం మొదలుపెట్టాడు.

ఇద్దరూ కలిసి పోగుచేస్తే బటన్ ఇడ్లీ అంత వచ్చింది. ఊరమిరపకాయ ముక్కు మాత్రం ఈ కొత్త ఇడ్లీ అంకుల్ కంటే పెద్దదైంది. ఈలోగా బాలమురళి ఎక్కాల్సిన ట్రామ్ వెళ్లిపోయింది.