ఇంగ్లీషు టీచర్ల సంఘంలో బురుల్ అక్క

మా కిర్గిజు కొండల్లో, అత్‌బాషి లోయలోని బడిలో బురుల్ అక్క ఇంగ్లీషు టీచరు. నేను లెక్కల టీచరుని. పంతొమ్మిదేళ్లుగా మా ఊళ్లో ఇంగ్లీషు తెలిసిన మనిషి ఆవిడొక్కతే. తప్పు పలికితే దిద్దేవాళ్లు లేరు, బాగా చెబితే బాగుందనేవాళ్లూ లేరు.

"నేను నేర్పేది నిజంగా ఇంగ్లీషేనంటావా, లేక నేను పుట్టించిన భాషా?" అని నాతో అంటూండేది. నవ్వులాటగానే అనేది గానీ, ఆ వెంటనే నిఘంటువు తీసి ఆ రోజు నేర్పిన మాటలన్నీ మళ్లీ సరిచూసుకునేది.

మార్చిలో నరీన్ పట్నం నుంచి నూర్జమాల్ ఫోన్ చేసింది. ఇద్దరూ కలిసి చదువుకున్నవాళ్లు.

"ఏమే బురుల్, మా ఇంగ్లీషు టీచర్ల సంఘంలో నీ పేరు రాసేశాను. శనివారం సభ."

"ఎవర్నడిగి రాశావే?"

"అడిగితే రానంటావుగా! ఇంకోటి, ఇరవై నిమిషాలు నువ్వే పాఠం చెప్పి చూపించాలి."

బురుల్ అక్క ఫోన్ పెట్టేసి నా మీద విరుచుకుపడింది. "అక్కడందరూ గడగడా మాట్లాడేవాళ్లు. నేను నోరు విప్పితే పరువు పోదూ?"

"నీ ఉన్ని ముక్కలు పట్టుకెళ్లక్కా," అన్నాను.

వాళ్లమ్మ షిర్దాక్ తివాచీలు కుట్టగా మిగిలిన ఉన్ని ముక్కలవి. పాఠంలో అక్క వాటినే మాటలుగా వాడేది. పనిని చెప్పే మాటకు ఎర్ర ముక్క. మా కిర్గిజు భాషలో ఆ మాట వాక్యం చివర తీరిగ్గా కూర్చుంటుంది. ఇంగ్లీషులో మధ్యకు రావాలి. పిల్లలు ఎర్ర ముక్కను చేత్తో లాక్కొచ్చి మధ్యలో పెట్టేవాళ్లు. ఒకసారి పెట్టిన పిల్లవాడు మళ్లీ తప్పేవాడు కాదు.

శనివారం తోడు రమ్మంటే నేనూ వ్యానెక్కాను. దారి పొడుగునా అక్క పెదవులు కదుపుతూనే ఉంది. సభలో నలభై మంది ఉన్నారు. తన పేరు పిలవగానే లేచి, సంచీలోని ముక్కలన్నీ బల్ల మీద బోర్లించింది. మొదటి వాక్యం తడబడింది. రెండోదీ అంతే. ఇక లాభం లేదనుకుని, ముందు వరుసలోని నెరిసిన గడ్డం మాస్టారిని పిలిచి ఎర్ర ముక్క చేతికిచ్చింది.

"నేను రొట్టె తింటాను. ఇంగ్లీషులో పేర్చండి, అక్సకాల్!" అంది, పెద్దవాళ్లను మేం పిలిచే పిలుపుతో.

పెద్దాయన కావాలనే ముక్కను చివర పెట్టాడు. హాలంతా గొల్లుమంది. "మధ్యకి! మధ్యకి!" అని టీచర్లే పిల్లల్లా అరిచారు. ఒకరి మీద ఒకరు పడి బల్ల చుట్టూ మూగారు. ఇరవై నిమిషాలు గంట దాటింది. తేనీరు చల్లారిపోయినా ఎవరికీ పట్టలేదు.

చివర్లో ఆ మాస్టారు అక్క దగ్గరికొచ్చాడు. "ముప్పై నాలుగేళ్లుగా చెబుతున్నానమ్మా. నాది ఇంగ్లీషేనా అని నాకూ రోజూ అనుమానమే."

"మీకు కూడానా!" అంది అక్క. అని అక్కడే కుర్చీలో కూలబడి పకపకా నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

తిరుగు వ్యానులో ఆవిడ నోరు ఆగితే ఒట్టు. "విన్నావా పిల్లా? ఆ చివరి బెంచీ అమ్మాయి పాటలతో ఎలా నేర్పుతోందో! ప్రతి బుధవారం ఫోన్‌లో ఇంగ్లీషులోనే మాట్లాడుకుందామన్నారు. శరత్కాలంలో రాజధాని బిష్కెక్‌లో జరిగే పెద్ద సభలో నా ఉన్ని ముక్కలు చూపించాలట. నావి!"

బిష్కెక్ వెళ్లింది, చూపించింది. రాగానే మా లోయలో ఒంటరిగా ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే మరో ఐదుగురు టీచర్లకు తనే ఫోన్లు చేసింది. వాళ్ల మొదటి సమావేశం మా బడిలోనే, నా తరగతి పక్క గదిలో జరిగింది. ఆరుగురూ ఒకేసారి ఇంగ్లీషులో వాదులాడుకుంటుంటే నా లెక్కలు ముందుకు సాగలేదు. పిల్లలు గోడకు చెవులు ఆనించారు. కాసేపు గదమాయించి చూశాను. తర్వాత సుద్దముక్క కింద పెట్టి, నేనూ పిల్లల పక్కన చేరి గోడకు చెవి ఆనించాను.