మా నాయిన సరిచేసిన తీగ

కంప్యూటర్ ఉన్న ఇంటిని గల్లీ మొత్తం వేలు పెట్టి చూపించిన కాలం ఒకటుండేది. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, పైన కప్పిన గుడ్డ తీసి మరీ దాన్ని దర్శించుకునేవాళ్లం. అలాంటి రోజుల్లో మా ఇస్నాపూర్ గల్లీలో ఎదురెదురుగా రెండు కంప్యూటర్లు వెలిశాయి. ఒకటి మాది. నేను డిప్లమా పాసై, పటాన్‌చెరులో హార్డ్‌వేర్ కోర్సు చేస్తూ, పాత సామాను ఏరుకొచ్చి బిగించింది. (మూత మాత్రం బిగించలేదు, రోజూ విప్పాల్సిందే కదా అని.) రెండోది ఎదురింటి బాబాయి గారిది. ఆయన కోస్తా నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. చుట్టరికం లేకపోయినా మా ఇంటిల్లిపాదికీ బాబాయి గారే. ఈ రెండు పెట్టెలనూ ఒక తీగతో కలిపితే ఇక్కడ రాసింది అక్కడ ఎలా కనబడుతుందో చూడాలని నాకు ఒకటే దురద. అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస.

"కలిపితే ఏమైతదిరా?" అని అడిగింది అమ్మ.

"ఈడ రాసింది ఆడ కనవడ్తదమ్మా."

"గింత దూరానికి తీగెందుకు? జెర గట్టిగ ఒర్రితే ఇనవడదా?"

కానీ బాబాయి గారు మాత్రం ఉత్సాహపడ్డారు. "మా బావమరిది పటాన్‌చెరులో లారీల ఆఫీసు పెడుతున్నాడు అబ్బాయ్. అయిదు కంప్యూటర్లు కొన్నాడు, వాటిని కలిపే మనిషి కోసం వెతుకుతున్నాడు. ఆదివారం మా ఇంటికి భోజనానికొస్తాడు. మన రెండూ కలిపి చూపించావనుకో, నీ ఉద్యోగం ఖాయం!" అన్నారు. అప్పటికి ఎనిమిది నెలలుగా నేను ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఎవరైనా "పోరడు ఏం జేస్తున్నడే?" అని అడిగితే మా నాయిన "కంప్యూటర్ల ఉన్నడు" అనేవాడు, నేనేదో ఆ పెట్టె లోపలే కాపురం ఉంటున్నట్టు. ఆ మాట అనేటప్పుడు ఆయన నా వైపు చూసేవాడు కాదు. అందుకే ఆ ఆదివారం నాకు పరీక్ష కంటే పెద్దదైపోయింది.

రెండు కంప్యూటర్లను మధ్యలో ఇంకే పరికరమూ లేకుండా నేరుగా కలపాలంటే ఆ రోజుల్లో ఒక కిటుకుండేది. తీగలో రెండేసి చొప్పున జతలుగా ఎనిమిది సన్నని రంగుల పోగులుంటాయి. ఒక కొసన ఉన్న వరుసను రెండో కొసన అలాగే పెట్టకూడదు. నారింజ జతను ఆకుపచ్చ చోట, ఆకుపచ్చ జతను నారింజ చోట పెట్టాలి. ఇదేదో నాకొక్కడికే ఉపదేశమైన మంత్రంలా భావించి, శనివారం నట్టింట్లో కూర్చుని, కోర్సులో అడిగి తెచ్చిన పట్టకారుతో తీగ కొసలకు ప్లగ్గులు నొక్కుతున్నాను. మా నాయిన ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు.

"రంగులు సూస్కున్నవా బిడ్డా?"

"నీకు తెల్వదు నాయినా. ఇది కరెంటు గాదు, కంప్యూటర్."

ఆయన ఒకసారి ప్లగ్గు వైపు చూసి బయటికి నడిచాడు. (ఆ మాట ఎంత పొగరుగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) మా కిటికీ నుంచి బాబాయి గారి కిటికీకి గల్లీ మీదుగా తీగ లాగాను. తీగ కలిసిందనడానికి గుర్తుగా నా పెట్టె వెనక చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. "బాగున్నారా" అని ఒక ముక్క రాసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురింటికి ఉరికాను. ఆ తెర మీద ఆ ముక్క నాకంటే ముందే వచ్చి కూర్చుంది! అది తీగలో ఎలా నడిచిందో ఊహించుకుంటూ అటూ ఇటూ పదిసార్లు ఉరికాను. బాబాయి గారు లెక్కపెట్టి మరీ నవ్వారు.

ఆదివారం పొద్దున కటింగ్ చేయించుకుని వచ్చేసరికి బావమరిది దిగాడు. అందరూ మా ఇంట్లోనే చేరారు. నేను దర్జాగా కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తే, దీపం లేదు. ఆపి మళ్లీ పెట్టాను. ప్లగ్గు పీకి ఊది గుచ్చాను. ఎదురింటికి ఉరికి అక్కడా ఊది వచ్చాను. "నిన్న వచ్చిందిగా అబ్బాయ్?" అంటూ బాబాయి గారు నాకంటే ఎక్కువ చెమటలు కక్కారు. బావమరిది చాయ్ తాగడం అయిపోయి గడియారం చూసుకున్నాడు. అప్పుడు నా చేతిలోని ప్లగ్గును పరీక్షగా చూశాను. అది నేను చేసింది కాదు. ఎనిమిది పోగులూ దువ్వినట్టు వరుసగా, రెండో కొసన ఎలా ఉన్నాయో అచ్చం అలాగే ఉన్నాయి. తలెత్తితే మా నాయిన నా చెవి దగ్గరికి వంగాడు.

"రెండు జతలు అటిటు పెట్టినవ్ బిడ్డా. నువ్వు కటింగ్‌కు పోయినంక బాబాయి గారింట్ల వరుస రాస్కొచ్చి సరి జేసిన. ఎవ్వలకు జెప్పలే."

పైగా నా పరువు కాపాడినందుకు ఆయన ముఖం వెలిగిపోతోంది. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రంగు తప్పితే ప్రాణం పోయే పనిలో ముప్పై ఏళ్లు గడిపిన మనిషి, కొడుకు తప్పు చూసి ఎలా ఊరుకుంటాడు? "నిన్న రాత్రి నేనే మార్చిన సార్, తప్పయింది" అని పైకి అనేసి, ఆ ప్లగ్గు కోసి పడేసి, నా పద్ధతిలో మళ్లీ నొక్కాను. దీపం వెలిగింది. బావమరిది పేరు టైపు చేసి ఎదురింట్లో చూపించాను కూడా. కానీ ఆయన మా ఇంటికి తిరిగొచ్చి, కింద పడ్డ ప్లగ్గు చేతిలోకి తీసుకుని, నా ప్లగ్గు పక్కన పెట్టి చూశాడు.

"ఈ రెండూ నీ చేతి పనేనా? తప్పుదేమో కంపెనీలో తయారైనట్టుంది, ఒప్పుదేమో ఎలక కొరికినట్టుంది. ఇదేం విడ్డూరమయ్యా?"

నేను నోరు తెరిచేలోగా మా నాయిన ముందుకొచ్చాడు. "అది నేను జేసిన సార్. పోరని తప్పు లేదు. నన్ను జూసి పోరన్ని వద్దనకుండ్రి." మా నాయిన ఇంకొకరి ముందు అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. బావమరిది పకపకా నవ్వి, "అయితే వచ్చే ఆదివారం ఇద్దరూ రండి. రంగులు నువ్వు చెప్పు, పని ఆయన చేస్తాడు" అన్నాడు. అలా దొరికింది నా మొదటి ఉద్యోగం.

ఆ ఆఫీసులో అయిదు కంప్యూటర్ల తీగలూ స్విచ్ అనే చిన్న డబ్బాలోకి వెళ్లాలి. తారుమారు సంగతి ఆ డబ్బాయే చూసుకుంటుంది కాబట్టి అక్కడ రెండు కొసల్లోనూ రంగులు ఒకేలా ఉండాలి, అచ్చం మా నాయిన చేసినట్టు! ఆయన పట్టకారు పట్టుకుని, "ఈడ ఎట్లరా? సక్కగనా, అటిటా?" అని నా మాట కోసం ఆగాడు. నేల మీద ఆయన పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. మాట్లాడే పోగు వేరు, వినే పోగు వేరు నాయినా, ఒకరి నోరు ఇంకొకరి చెవి దగ్గరికి పోవాలి, నోటికి నోరే కలిపితే ఇద్దరూ అరుస్తారు గానీ ఎవరూ వినరు అని. ఆయన రెండు నిమిషాల్లో పట్టేశాడు. నాకు కోర్సులో వారం పట్టింది.

"గీ ముచ్చట శనివారమే జెప్తే నీ సొమ్మేం బోతుండెరా?" అన్నాడు.

ఇప్పుడు ఏ తీగ గుచ్చినా యంత్రాలే సర్దుకుంటున్నాయి, ఆ కిటుకుతో ఎవరికీ పని లేదు. కొత్త కటింగ్‌తో మెరిసిపోయిన ఆ కుర్ర మేధావిని తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. గల్లీ దాటించి రెండు పెట్టెలకు మాటలు కలపడానికి అంత తాపత్రయపడ్డాడు గానీ, పక్కనే నిలబడి అడిగిన నాయినకు రెండు ముక్కలు చెప్పడానికి వాడికి మనసొప్పలేదు.