రోజూ బడికొచ్చిన ఆబ్సెంటు పిల్ల

మూడేళ్ల కిందటి మాట. ఖిదిర్‌పూర్‌లో ఓ ఎయిడెడ్ హైస్కూలు, అంటే జీతాలు ప్రభుత్వం ఇచ్చే బడి. అందులో నేను ఆఫీసు క్లర్కుని. టెన్త్ పిల్లల ఫారం ఫిలప్, అంటే బోర్డు పరీక్షకి పేర్లు పంపే పని, జరుగుతోంది. హాజరు చాలక పరీక్షకి పంపనివాళ్ల జాబితా టైపు చేయడం నా వంతు.

ఈ హాజరంటేనే నాకు చిరాకు. అంతకుముందు భవానీపూర్‌లో ఓ ప్రైవేటు బడిలో పనిచేశాను. అక్కడ ప్లస్ టూ పిల్లలు ఏడాదంతా కోచింగ్‌లోనే ఉంటారు. బెంచీలు ఖాళీ, రిజిస్టరు నిండుగా. "అందరికీ P వేసెయ్" అంటే నోరుమూసుకుని వేసేదాన్ని. ఇక్కడేమో మధ్యాహ్న భోజనం ఉన్న ఎనిమిదో తరగతి దాకా గదులు కళకళలాడతాయి, తొమ్మిదికల్లా పలచబడిపోతాయి. ఏ బడిలో చూసినా కాగితానికీ బెంచీకీ పొంతన ఉండదు.

ఆ జాబితాలో కుమారి అనే పిల్ల పేరుంది. మర్నాడే వాళ్లమ్మ నర్సమ్మ ఆఫీసుకొచ్చింది. ఇక్కడ అందరిలాగే ఆవిడా నన్ను దిదీ, అంటే అక్క, అంటుంది.

"ఏటి దిదీ, మా గుంట రోజూ బడికొస్తంది. ఆబ్సెంటేటి?"

"రిజిస్టర్లో A ఉందమ్మా. నన్నేం చెయ్యమంటావు?"

ఆవిడ ఓ ప్లాస్టిక్ సంచీ తీసి నా బల్ల మీద బోర్లించింది. అన్నీ నలిగిన బస్సు టికెట్లు. "మా ఆయన పని నదికవతల సంత్రాగాఛి రైలు యార్డుకి మారినాక ఆడకి ఎల్లిపోనాం. టెన్తులో బడి మారకూడదని మీరే అన్నారు గదా. ఇవి ఆడనించొచ్చిన టికెట్లే."

"వీటి మీద తేదీలేవీ?" అని విసుక్కున్నాను. ఆ టికెట్ల మీద ఛార్జీ తప్ప ఏమీ లేదు.

"తేదీ నేకపోతే మా గుంట రానట్టేనేటి? బిర్జీ మీద జామైపోతే అదేటి చేస్తాది? మీ గది ముందునించే గదా మెట్లెక్కేది. మీరు సూణ్ణేదా?"

చూశాను. రోజూ చూశాను. మా బడిలో హాజరు మొదటి పీరియడ్‌లోనే, పదకొండుకల్లా, పిలుస్తారు. అది అయిపోయాక ఆయాసపడుతూ మెట్లెక్కే పిల్ల కుమారే. కళ్లారా చూసిన పిల్లని నా చేత్తోనే ఆబ్సెంటు జాబితాలో టైపు చేశాను. సిగ్గేసింది.

హెడ్‌మిస్ట్రెస్‌ని మేం బొడ్‌దీ, అంటే పెద్దక్క, అంటాం. ఆవిడ దగ్గరికెళ్లి కుమారి సంగతి చెప్పాను. "ఈ పిల్లని వదిలేస్తే రేపు అందరూ పదకొండున్నరకి వస్తారు," అన్నారావిడ. నాకు తిక్క రేగింది. కుమారి నోట్సులన్నీ తెప్పించి ఆవిడ ముందు పెట్టాను. పేజీ పేజీకీ తేదీ, కింద టీచర్ల సంతకం.

"ఇవి మన టీచర్ల సంతకాలే కదా బొడ్‌దీ. రాని పిల్ల నోట్సు ఎలా దిద్దారు?"

ఆవిడ చాలాసేపు పేజీలు తిప్పారు. చివరికి క్లాస్ టీచర్ని పిలిపించి, A ఉన్న చోట "ఆలస్యం" అని రాయించి సంతకం చేశారు. కుమారి పేరు జాబితాలోంచి తీసేశాను.

ఫారం మీద సంతకం పెట్టడానికొచ్చిన కుమారి సంతోషిస్తుందనుకున్నాను. ఆ పిల్ల కలం పట్టుకుని అలాగే నిలబడింది.

"పరీక్షనాడు కూడా జామైపోతే ఏటి చెయ్యను దిదీ?"

నోట్సులు చూపించి ఆ బ్రిడ్జిని ఖాళీ చేయించలేను కదా. పరీక్షలన్నాళ్లూ కుమారి ఖిదిర్‌పూర్‌లోని మా ఇంట్లోనే ఉంది. రోజూ అందరికంటే ముందు సెంటరు గేటు దగ్గర నిలబడింది. ఆ పిల్ల ఎక్కడినుంచి వస్తోందని మొదట్లోనే ఒక్క మాట అడిగి ఉంటే A బదులు అప్పుడే ఆలస్యమని పడేది, ఇదంతా ఉండేదే కాదు. ఆ మాట అడగాలని తెలియడానికి నాకు ఇరవై ఏళ్ల ఉద్యోగం పట్టిందంటే, ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.