వెనక్కి నడిచే గైడు

మా మేనత్త సున్నపురాతి గుహలో గైడు. నేను బయట కిటికీ దగ్గర టికెట్లిస్తాను. నేను పుట్టకముందు నుంచీ ఆవిడ ఆ గుహలో వెనక్కే నడుస్తోంది. ముఖం జనం వైపు, వీపు చీకటి వైపు. "పడిపోతారండీ!" అని కొత్తవాళ్ళు కంగారుపడతారు. "పడితే లేస్తాను. నేనటు తిరిగితే మీ చేతులు ఊరుకుంటాయా?" అంటుంది. నిజమే, కప్పు నుంచి వేలాడే ఆ తెల్లటి రాతి కొనల్ని చూస్తే పెద్దపెద్దవాళ్ళకే చెయ్యి దురద పెడుతుంది. మా అత్త నోరు మంచిది కాదు. ఆ మాట నేనంటాను గానీ ఇంకొకరంటే ఊరుకోను.

కొత్త మేనేజరు వచ్చి, చెవులకు తగిలించుకుంటే గుహ సంగతులన్నీ చెప్పే మాటల పెట్టెలు తెప్పించాడు. ఇక గైడు అక్కర్లేదట. అత్తను నా పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, ఆ పెట్టెలు ఇచ్చి పుచ్చుకునే పని అప్పగించాడు. గుహలో అడుగు పెట్టొద్దన్నాడు.

"జీతం అదేగా అత్తా," అని సర్దిచెప్పబోయాను.

"జీతానికేముందే, ఎండలో కూర్చున్నా వస్తుంది."

ఆ పూట అన్నం సగంలో లేచిపోయింది. ఆ మేనేజరు మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

వారం తిరక్కముందే ఒక పెద్దమనిషి పెట్టె తిరిగిస్తుంటే, చొక్కా జేబులోంచి రాతి కొన ఒకటి తొంగిచూసింది. ఇంకా తడి ఆరలేదు. అత్త అతని చెయ్యి పట్టుకుంది. మేనేజరు పరుగెత్తుకొచ్చి, అతనికి సారీ చెప్పి, ముక్కతో సహా పంపేశాడు.

"వేలెడంత ముక్కకి ఇంత రచ్చేంటమ్మా? మళ్ళీ పెరుగుతుందిగా!"

"పెరుగుతుంది బాబూ. నువ్వూ నేనూ పోయి, మనల్ని తలుచుకునేవాళ్ళు కూడా పోయాక పెరుగుతుంది."

మెళ్ళో బ్యాడ్జి తీసి బల్ల మీద పడేసింది. "ఈ కుర్చీ ఉద్యోగం నువ్వే ఉంచుకో," అని వచ్చి నా కిటికీ ముందు వరసలో నిలబడింది.

"ఒక టికెట్టివ్వవే."

నా ఉద్యోగమూ ఊడుతుందేమోనని మేనేజరు వైపు ఓసారి చూశాను. అయినా ఇచ్చాను. చెప్పొద్దూ, అంత సంతోషంగా ఏ టికెట్టూ చింపలేదు.

గుహ ముందు జనానికి ఎదురుగా తిరిగి, "చేతులు కట్టుకుని రండి," అంటూ వెనక్కి అడుగేసింది. మేనేజరు అడ్డమొచ్చాడు.

"లోపల మీకేం పనమ్మా?"

"పనేం లేదు, చూడ్డానికొచ్చాను. టికెట్టు కొన్నవాళ్ళు ఎటు తిరిగి నడవాలో నీ బోర్డు మీద రాసుందా?"

జనం నవ్వారు. అతని మొహం మాడిపోయింది.

"రేపు కూడా ఇలాగే కొనుక్కుని వస్తారా?"

"రేపూ కొంటా, ఎల్లుండీ కొంటా. నీకు బదిలీ అయ్యేదాకా కొంటా."